తెల్ల గీతలో సగం

భూమన్న భయపడుతూ రాలేదు, మండిపడుతూ వచ్చాడు. చంద్రపూర్ బస్టాండు వెనక వీధిలో, మేడమీది చిన్న గదిలో డిటెక్టివ్ సౌజన్య టీ తాగుతోంది. ఆయన తలుపు ధడాలున తోసి, కూర్చోమనకముందే కూర్చున్నాడు.

“నా తమ్ముని మీద రుజువు గావాలె మేడం. వాన్ని జైలుకు పంపాలె.”

సౌజన్య ఒకప్పుడు ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్లను బీమా కోసం పరీక్షించే సర్వేయరు. మనుషులు ఎన్నయినా చెబుతారు గాని ఇనుము అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. పక్కన నోటుపుస్తకంతో కూర్చున్న ఆమె సహాయకుడు ఈశ్వరయ్య బొగ్గుగని వర్క్‌షాప్‌లో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మెకానిక్. వయసులో ఆమె తండ్రిలాంటివాడే అయినా, ఆమె నోరు విప్పితే చెవులు రిక్కించి వింటాడు.

భూమన్నది సరిహద్దున ఉన్న లక్కడ్‌కోట్. మేకలు పెంచి రాజురా సంతలో అమ్ముతాడు. మేకల కోసం ట్రాలీ చేయించుకుని, దాన్ని లాగడానికి చంద్రపూర్‌లో బాపురావు అనే వ్యాపారి యార్డులో పాత డీజిల్ ఎస్‌యూవీ కొన్నాడు. వెనకాల లావుపాటి హుక్కు ఉందనే ఆ బండిని ఎంచుకున్నాడు. తమ్ముడు శ్రావణ్‌కుమార్ విసాపూర్‌లో ఉంటూ గని వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. పాత బండి వద్దని అతను మొదటినుంచీ పోరుపెట్టాడు. అయినా అన్న పిలిస్తే శుక్రవారం సాయంత్రం యార్డుకు వచ్చి, బండి చూసి, హుక్కు గట్టిదేనన్నాడు.

సోమవారం పొద్దున మేకలతో సంతకు బయలుదేరారు. రాజురా దారిలో ఎత్తు ఎక్కుతుండగా హుక్కు మెడ పుటుక్కున విరిగింది. జాగ్రత్త కోసం అదనంగా వేసిన గొలుసును కూడా ఆ హుక్కుకే తగిలించారు, అదీ పోయింది. ట్రాలీ వెనక్కి దొర్లి బోల్తాపడింది. తొమ్మిది మేకలు చచ్చాయి. మేకపిల్లలను పట్టుకుని ట్రాలీలోనే కూర్చున్న భూమన్న భార్య రాజక్కకు తుంటి విరిగింది. ఆమె మళ్ళీ నడుస్తుందో లేదో ఆసుపత్రిలో ఎవరూ చెప్పడం లేదు.

“నేను తన మాట ఇనలేదని పగవట్టిండు మేడం. బండి కిందికి దూరనే లేదట. దూరంకెల్లి చూసి బాగుందన్నడట. బాపురావే జెప్పిండు. ఊరందరి ముంగట నిలవెట్టి కడిగేసిన వాన్ని. ఆదివారం దాంక జూస్త, తర్వాత పోలీసు కేసే.”

కేసు పెడితే శ్రావణ్‌కుమార్ గని ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి తెలిసే భూమన్న ఆ మాట అన్నాడు.

శుక్రవారం కొన్న బండి సోమవారం దాకా ఎక్కడుందని సౌజన్య అడిగింది. యార్డులోనే ఉందనీ, ఆదివారం వెళ్ళి తెచ్చుకున్నాననీ చెప్పాడు.

“శనివారం ఇంటికి ఇనుము తెస్తరా ఎవరన్న?” అని ఆమెనే ఎదురడిగాడు.

సౌజన్య టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ బండి ఉన్న షెడ్డుకు వెళ్ళారు. పోలీసులు చూసి వదిలేశాక భూమన్న దాన్ని చంద్రపూర్‌లోనే తెలిసినవాళ్ళ షెడ్డులో పెట్టాడు. ఈశ్వరయ్య గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. విరిగిన హుక్కు మొండెం నాలుగు బోల్టులతో చాసిస్‌కు ఇంకా వేలాడుతోంది. విరిగినచోట పోత ఇనుము బొరుగుల్లా పొడిగా, రంధ్రాలతో ఉంది. నట్లు కొత్తగా మెరుస్తున్నాయి. చాసిస్ మీద మాత్రం ఒక్కో నట్టు పక్కన ఒక చిన్న తెల్ల రంగు గీత ఉంది.

“ఇది మా గని పద్ధతి బిడ్డా,” అన్నాడు ఈశ్వరయ్య బయటికి వస్తూ. “బోల్టు బిగించినంక నట్టు మీదికెల్లి చాసిస్ మీదికి ఒక్కటే గీత గీస్తం. నట్టు కదిలితే గీత తెగుతది, చూడంగనే తెలుస్తది.”

“నట్ల మీద గీత ఉందా కాకా?”

లేదన్నాడు. ఆమె ఫొటోలు తీసుకుని, ఇంకేమీ అడగకుండా విసాపూర్ పోదామంది.

శ్రావణ్‌కుమార్ వాళ్ళను ఇంట్లోకి పిలవలేదు. గుమ్మంలోనే నిలబడి, అన్నే నమ్మనప్పుడు మీరు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత అన్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“కిందికి దూరిన. నాలుగు బోల్టులు నా చేతులతోటి బిగించిన. ఇంకేం జెప్ప.”

తలుపు వేసేశాడు. శని, ఆది, సోమ మూడు రోజులూ అతను పొద్దుటి షిఫ్టులో ఉన్నాడనీ, సాయంత్రాలు విసాపూర్ దాటలేదనీ ఈశ్వరయ్య పాత స్నేహితులను అడిగి తెలుసుకున్నాడు.

ప్రమాదం జరిగిన వారంలోనే, శుక్రవారం నాడు బాపురావు యార్డుకు వెళ్ళారు. ఆయన మర్యాదకు తక్కువేం లేదు. కుర్చీలు తుడిపించాడు, చల్లటి మజ్జిగ తెప్పించాడు, రాజక్క పేరెత్తి నాలుగుసార్లు అయ్యో పాపం అన్నాడు. ఆ అయ్యో పాపం వింటుంటే ఈశ్వరయ్యకు ఒళ్ళు మండింది. మీ దగ్గరున్న శనివారం నాడు బండిని ఎవరైనా ముట్టుకుని ఉంటారా అని సౌజన్య అమాయకంగా అడిగింది.

“ఆహో మేడం, నా యార్డుల ఈగ గూడ దూరదు. తాళంచెయ్యి నా జేబుల ఉంటది. శనివారం కొనేటోళ్ళు రారని పనోళ్ళకు గూడ సుట్టీ. నేనొక్కన్నే ఉంట.”

ఆమె తలూపి, యార్డంతా ఒకసారి తిరిగి చూసింది. మూలన ఉన్న నీలం జీపు అద్దానికి ‘ట్రాలీ లాగడానికి రెడీ’ అని అట్ట కట్టి ఉంది. దాని వెనక ఆమె పెన్ను జారిపడింది. వంగి తీసుకోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

మర్నాడు శనివారం, మధ్యాహ్నం మూడింటికి అందరినీ ఆ యార్డుకే పిలిచింది. భూమన్న తన బండిలో వచ్చాడు. శ్రావణ్‌కుమార్ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చి, అన్నకు ఎంత దూరంగా నిలబడవచ్చో అంత దూరంగా నిలబడ్డాడు. సబ్‌ఇన్‌స్పెక్టరు కానిస్టేబులుతో సహా వచ్చి గేటు దగ్గర ఆగాడు. అతన్ని చూశాక బాపురావు మజ్జిగ మాటెత్తలేదు.

“భూమన్నా, మీ తమ్ముడు కిందికి దూరలేదని మీకు ఎవరు చెప్పిండ్రు?” అని సౌజన్య మొదలుపెట్టింది.

భూమన్న బాపురావు వైపు చూశాడు.

ఆమె ఫొటోలు భూమన్న చేతిలో పెట్టింది. నాలుగు తెల్ల గీతలు. అవి గని వర్క్‌షాప్ వాళ్ళు బోల్టు బిగించాక గీసేవనీ, దూరం నుంచి చూసిన మనిషి గీయగలిగేవి కావనీ చెప్పింది. గీత నట్టు మీద మొదలై చాసిస్ మీదికి రావాలి. చాసిస్ మీద సగం ఉంది, నట్ల మీద సగం లేదు. అంటే శ్రావణ్‌కుమార్ బిగించిన నట్లు ఇవి కావు. నట్లు మారాయంటే హుక్కూ మారింది.

“ఎప్పుడు మారింది? సోమవారం పొద్దుగాలనే సంతకు పోయిండ్రు. ఆదివారం బండి మీ వాకిట్ల ఉంది, మీ కండ్ల ముంగట. మిగిలింది శనివారం. మనోళ్ళు శనివారం ఇనుము ఇంటికి తీస్కపోరని ఈ బాపురావుకు ఎరుకే. పైకం ముట్టినంక ఒక దినమంత బండి ఈయన చేతుల ఉంటదని గూడ ఎరుకే. ఆ దినం ఈగ గూడ దూరలేదని నిన్న ఈయన నోటితోనే చెప్పిండు.”

తర్వాత నీలం జీపు కిందికి చూడమని ఈశ్వరయ్యకు చెప్పింది. ఆయన గోనెపట్టా పరుచుకుని దూరాడు. బయటికొస్తూనే బాపురావు వైపు కోపంగా చూశాడు.

“నాలుగు నట్ల మీద తెల్ల గీతలున్నయి. చాసిస్ మీద లేవు. ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తున్నయి.”

“మంచి హుక్కు చూపించి ఒక బండి అమ్మిండు,” అంది సౌజన్య. “దాని జాగల అట్లనే కనవడే నాసి హుక్కు బిగించి, అదే మంచి హుక్కును ఇంకో బండికి పెట్టిండు. మళ్ళ దాన్నే చూపించి దీన్ని అమ్ముదామనుకున్నడు. కోపమంత తమ్ముని మీదికి మళ్ళాలని ఆ అబద్ధం గూడ ఈయనే చెప్పిండు.”

బాపురావు నెత్తి గోక్కున్నాడు. “ఒక్క హుక్కే గద మేడం. పాత బండి అన్నంక ఏదో ఒకటి ఐతది.”

అప్పటిదాకా గొంతు పెంచని సౌజన్య ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

“ఒక్క హుక్కే. దాని ఎనక ఒక ఆడమనిషి కూసున్నది.”

సబ్‌ఇన్‌స్పెక్టరు జీపును స్వాధీనం చేసుకుని, బాపురావును తనతో తీసుకుపోయాడు.

యార్డులో అన్నదమ్ములు మిగిలారు. భూమన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోబోయాడు. శ్రావణ్‌కుమార్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“హుక్కు బాపురావు మార్చిండే అన్నా. నన్ను ఊరి ముంగట నిలవెట్టింది మాత్రం నువ్వు. ఆడ అన్న మాట ఆడనే వాపస్ తీస్కో. అప్పటిదాంక నీ ఇంటికి రాను.”

భూమన్న తల దించుకున్నాడు. తర్వాత బండి దగ్గరికి వెళ్ళి, పక్క సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కు. ఇప్పుడే పోదాం. అందరిని పిలిచి చెప్త.”

ఆసుపత్రి పనులు తెమిలాక బండిని రేపు ఊరికి తీసుకెళతానని ఇందాక యార్డులో ఈశ్వరయ్యతో ఆయనే అన్నాడు. దూరంగా నిలబడ్డా ఆ మాట శ్రావణ్‌కుమార్ చెవిన పడింది.

“ఇయ్యాల శనివారమే అన్నా.”

“తెలుసు,” అన్నాడు భూమన్న, తలుపు వదలకుండా.