ముప్పై ఏడు డిగ్రీల పెట్టె

జగ్గయ్యపేటలోని ఆ ఇంట్లో ఉదయాన్నే తువ్వాలు దగ్గర గొడవ మొదలైంది. కొత్త తెల్ల తువ్వాలు నిండా హెయిర్ డై మరకలు. బంధువుల పెళ్లిళ్లకు కూడా తలకు రంగు వేసుకోని మనిషికి ఇవాళే ఎందుకు గుర్తొచ్చిందని రమీజా అడిగింది. డ్యూటీ అన్నాడు యూనస్.

"డ్యూటీ దేశానికా, దేవిశ్రీకా?"

యూనస్ షర్టు గుండీలు పెట్టుకున్నాడు.

ఊరికి వాళ్లు బట్టల కొట్టు నడిపే దంపతులు. ఇద్దరూ సీక్రెట్ ఏజెంట్లని ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. చీఫ్ సాయిప్రసాద్ నందిగామలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. ముందురోజు బస్తాల వెనక గదిలో బ్రీఫింగ్ ఇచ్చాడు.

పేగులో పుండ్లు పడే జబ్బుంది కదా, అందులో లోపలి పొర కణాలు తీవ్రమైన ఒత్తిడికి లోనవుతాయి. సరిగ్గా మడత పడని ప్రోటీన్లు కణంలో పేరుకుంటాయి. కొన్నాళ్లు కణం తనను తానే బాగుచేసుకోవాలని చూస్తుంది. చేతకాకపోతే చచ్చిపోతుంది, పుండు మానదు. ఆ ఒత్తిడిని దించే మందు మనవాళ్లు తయారుచేశారు. అది పనిచేస్తుందనడానికి సాక్ష్యం చిన్న పెట్టెలో ఉంది: ఒక రోగి పేగు ముక్క నుంచి పెంచిన సజీవ కణాలు.

ఆ రోగి రమీజా తమ్ముడు నౌషాద్. పెట్టె హైదరాబాద్ ల్యాబ్‌కు క్షేమంగా చేరితే అతనికి మందు మొదలవుతుంది. లేదంటే పెద్దపేగు తీసేయడమే. పాత మందులు అమ్ముకునే విదేశీ ముఠా, కోడ్‌నేమ్ 'నీలగొడుగు', ఆ పెట్టె కోసం కాచుకుని ఉంది.

నీలగొడుగు ల్యాబ్‌ను వదిలి మనవైపు వచ్చిన డబుల్ ఏజెంట్ దేవిశ్రీ. పెట్టెతో పాటు, యూనస్ పక్కన కొత్త పెళ్లికూతురిలా కారులో వెళ్తుంది. రమీజాకు దొరికింది గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబాలో బ్యాకప్ పని. ఆ మనిషిని నమ్మలేనని రమీజా చెబితే, అసూయ సాక్ష్యం కాదన్నాడు చీఫ్.

మధ్యాహ్నం దాబాలో రమీజా నుదుట బొట్టు, జడలో కనకాంబరాలతో తిరుపతమ్మ అనే పేరు మీద కూర్చుంది. చెవి కమ్మలోని రిసీవర్లో కారు కబుర్లు వినిపిస్తూనే ఉన్నాయి. దేవిశ్రీ ప్రతి మాటకీ "ఏవండీ" అంటోంది. ఆ పిలుపు విన్న ప్రతిసారీ రమీజా టీ చల్లారిపోతోంది.

కారు ఆగింది. సన్నగా, లేత గులాబీరంగు చీరలో దేవిశ్రీ దిగింది. ఆ చెయ్యి మొగుడి భుజం మీద పడుతుందా లేదా అన్నదొక్కటే రమీజా చూస్తోంది. చెయ్యి భుజం మీద పడలేదు. పెట్టె మీద పడింది. ఎండ మండిపోతోంది, తినేదాకా పెట్టెను ఐస్‌క్రీం ఫ్రీజర్లో పెడదామంది దేవిశ్రీ. యూనస్ సరేనని పెట్టేశాడు. తల్లి సుభాన్‌బీ ఇన్సులిన్ ఏళ్ల తరబడి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే చూస్తున్నవాడు. మందంటే చల్లగా ఉండాలనే అతని లెక్క.

రమీజా టీ వదిలేసి లేచింది. నౌషాద్ పేగు ముక్క తీసిన రోజు ఆమె పక్కనే ఉంది. ఇవి బతికున్న కణాలమ్మా, ముప్పై ఏడు డిగ్రీల ఒంటి వేడిలోనే ఉండాలి, గడ్డకడితే పోతాయని డాక్టరు చెప్పాడు. ల్యాబ్ మనిషినని చెప్పుకునే దేవిశ్రీకి అది తెలియకుండా ఉంటుందా?

రమీజా ఫ్రీజర్ మూత ఎత్తింది. పెట్టె మీద లోపలి వేడిని చూపే ఆకుపచ్చ దీపం అప్పటికే పసుపురంగులోకి మారింది. ఎరుపైతే కథ ముగిసినట్టే. దేవిశ్రీ వెనక నుంచి లిప్‌స్టిక్ తిప్పింది. అది పిస్తోలు. అది పేలేలోపే రమీజా చేతి గాజు తిప్పింది. అందులోంచి మత్తుసూది వెళ్లి గులాబీ చీరకు గుచ్చుకుంది.

"నా మొగుణ్ణి ఏవండీ అన్నందుకు కాదులే" అంది రమీజా, కుర్చీలో ఒరిగిపోతున్న దేవిశ్రీతో. "కొంత అందుకు కూడా."

పెట్టెను చీర లోపల పొట్టకు అదిమి కట్టుకుని యూనస్ పక్కన కారెక్కింది. చెక్‌పోస్టు కానిస్టేబుల్ ఆమెను చూసి, నిండు నెలలు, పోనివ్వండని గేటెత్తించాడు. హైదరాబాద్ చేరేసరికి దీపం మళ్లీ ఆకుపచ్చగా వెలిగింది.

ఆదివారం భోజనాల దగ్గర ల్యాబ్ కబురు యూనస్ చెప్పాడు. కణాల్లో ఒత్తిడి తగ్గింది, తెగిన పొర మళ్లీ అల్లుకుంటోంది, రేపే మందు మొదలు. నౌషాద్ చాలా నెలల తర్వాత రెండోసారి మజ్జిగన్నం పెట్టించుకున్నాడు. అప్పుడు రమీజా గరిటె కింద పెట్టింది.

"ఇకమీదట ఈయనకి పెళ్లాం కావాల్సిన మిషనేదైనా నేనే వెళ్తా. చీఫ్‌గారికి చెప్పేసా."

"ఆయనేమన్నాడే?" అంది సుభాన్‌బీ.

"ఆలోచించి చెప్తానన్నారత్తయ్యా. నేను అడగట్లేదండీ, చెప్తున్నా అన్నా."

శత్రువులు గోళ్లు పీకినా నోరు విప్పకూడదని శిక్షణ పొందిన యూనస్, ఆ శిక్షణ విలువ తెలిసొచ్చి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.