పాత సెషన్

ఫట్!

మూడో కెమెరా కూడా నల్లబడిపోయింది.

"ఎవరో వరసగా ఆపేస్తున్నారు బావా!" కంప్యూటర్ ముందు కూర్చుని అరిచింది ఆమె.

హోటల్ నెట్‌వర్క్ రూమ్. కిటికీ లేదు. బయట మధ్యాహ్నం మూడు... లోపల పగలో రాత్రో తెలియదు.

నాలుగో అంతస్తులో, ఎలక్ట్రానిక్ తాళం వేసిన గదిలో ఆమె చెల్లెలు దాక్కుని ఉంది. హత్యని కళ్లారా చూసిన పిల్ల! గంటలో పోలీసులొస్తారు. అంతవరకు ఆ తలుపు తెరుచుకోకూడదు.

ఎవరేం చేశారో నమోదయ్యే లాగ్ తెరిచింది. కెమెరాలు ఆపుతున్న యూజర్ పేరు చూసి నీరుగారిపోయింది.

మాస్టారు! తనకి ఈ పని నేర్పిన మనిషి!

"పీకెయ్ వాణ్ని! నమ్మించి గొంతు కోసే రకం!" పళ్లు కొరికాడు బావ. అక్క మొగుడు, ఈ హోటల్ సెక్యూరిటీ చీఫ్.

అడ్మిన్ గ్రూపులో ఉన్నవాళ్ల చేతుల్లోనే కెమెరాలూ తాళాలూ ఉంటాయి. ఆ గ్రూపులోంచి మాస్టారి పేరు తీసేసింది.

ఫట్! నాలుగోది పోయింది.

"తీశావా లేదా?"

"తీశాను బావా!"

అప్పుడు తట్టింది. ఛ! కంగారులో సగం పనే చేసింది. ముందే లాగిన్ అయి ఉన్నవాడికి పాత హక్కులే నడుస్తాయి. ఆ సెషన్ కూడా తెంపాలి. ఈ పాఠం చెప్పిందీ ఆ మహానుభావుడే!

తెంపబోయింది. స్క్రీన్ మీద ఓ లైను మెరిసింది.

'తెంపకు అమ్మాయ్. చెల్లిని వెనక మెట్ల మీంచి దింపుతున్నా. మీ బావ కంట పడకూడదనే కెమెరాలు ఆపాను.'

గబుక్కున స్క్రీన్ క్లియర్ చేసింది.

ఎవర్ని నమ్మాలి?

పొద్దుట్నుంచి చెల్లి రూమ్ నంబరు మూడుసార్లు అడిగింది ఎవరు?

మెడకి చల్లగా తుపాకీ గొట్టం తగిలింది.

"తలుపు తెరువు మరదలా."

"బావా... అక్క మొహం చూసైనా..."

"అక్క మొహం చూసే ఇంతసేపు ఆగాను. నంబరు చెప్పు!"

"నాలుగొందల పన్నెండు."

ఎంటర్ కొట్టింది. తాళం తెరుచుకుంది.

"వెళ్లండ్రా!" నాలుగో అంతస్తులో కాచుకున్న తన మనుషులకి వాకీటాకీలో అరిచి చెప్పాడు.

పది సెకన్లు... ఇరవై...

"సార్! గది ఖాళీ!"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మాస్టార్ని తీసేశానన్నావ్!"

"గ్రూపులోంచి తీశాను బావా. ఒట్టు." పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వింది. "సెషనే తెంపలేదు."

ఢాం!

స్క్రీన్ మీద ఇంకో లైను వచ్చింది.

'చెల్లి క్షేమం. నువ్వెక్కడున్నావ్ అమ్మాయ్?'