ఖాళీగా ఉన్న పంతొమ్మిదో వరస

ఆ శుక్రవారం పొద్దున ఆస్ట్రేలియాలోని వారగల్ ఊళ్లో కారు అద్దాల మీద మంచు గడ్డకట్టింది. భర్త లీత్ బయట దాన్ని గీకుతూ ఈల వేస్తున్నాడు. లోపల టోస్టు మీద వెజిమైట్ రాస్తూ లాప్‌టాప్‌లోకి చూసిన మెరిన్‌కి ఆ ఈల వింటుంటేనే ఒళ్లు మండిపోయింది.

ఏటా ఆగస్టులో స్కూళ్లన్నీ ప్రభుత్వానికి ఒక జాబితా పంపాలి. వైకల్యం ఉన్న పిల్లల్లో ఎవరికి ఏ సాయం చేస్తున్నారో, ఏ స్థాయిలో చేస్తున్నారో అందులో రాయాలి. కనీసం పది వారాలు చేసినట్టు రుజువు కూడా ఉండాలి. వాళ్ల బళ్లో ఆ పని మెరిన్‌ది. గడువు ఇవాళ సాయంత్రమే.

"లీత్! పద్దెనిమిది మంది కాగితాలొచ్చాయి. ఒక్కళ్లవే రాలేదు. ఎవరివో చెప్పుకో!"

"మా క్లాసు బ్రోడీవా? నిన్ననే ఇచ్చాగా," అన్నాడు లీత్, చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చి.

"నీ కూతురివి!"

లీత్ అదే బళ్లో ఆరో తరగతి టీచరు. కూతురు ట్యామ్సిన్ కూడా ఆ తరగతే. దానికి రెండు చెవులూ సగమే వినిపిస్తాయి. చెవి మిషన్లు ఉన్నా, ఎదుటివాళ్ల పెదాలు చూస్తే తప్ప మాట పూర్తిగా అందదు.

"దాని గురించి ఏం రాయను మెరిన్? ప్రత్యేకంగా ఏం చేస్తున్నానని?"

"ఏమీ చెయ్యట్లేదా? బోర్డు వైపు తిరిగి ఒక్క మాటైనా మాట్లాడతావా? వీడియో పెట్టేముందు కింద అక్షరాలొస్తున్నాయో లేదో చూసుకోవూ?"

"అది తండ్రిగా చేస్తున్నా. దానికీ ఫారమేనా? ఇవాళ పోరిడ్జ్ నేనే కాచా, అది కూడా రాసుకో."

"జోకులెయ్యకు, నెత్తిన ఒకటి మొట్టాలనిపిస్తోంది."

"సరేలే తల్లీ, లంచ్‌లో కూర్చుని పది వారాలవీ రాసి పడేస్తా. పాత తారీఖులేగా, ఎంతసేపు?"

మెరిన్ కత్తి ఠపీమని బల్ల మీద పెట్టింది.

"ఇవాళ రాసి మే నెల తారీఖు వేస్తావా? ఏడాదంతా టీచర్ల వెంటపడి వారవారం నోట్సు అడుక్కున్నది ఇందుకేనా? దొంగ కాగితం మీద నా సంతకం పడదు. నా కూతురిదైతే అసలే పడదు!"

"అయితే దాని పేరే తీసెయ్! దానికేం నష్టం? మార్కులు బాగానే వస్తున్నాయిగా. అందరిలాంటి పిల్లే అని ఉండనీ!"

"ఒకేసారి అరవకండి. ఎవరి పెదాలు చూడాలో తెలీట్లేదు."

గుమ్మంలో ట్యామ్సిన్ నిలబడి ఉంది. ఇద్దరూ దాని వైపు తిరిగారు.

"నాన్నా, పోయిన నెల హైస్కూల్ చూడ్డానికి తీసుకెళ్లారు కదా. అక్కడ సైన్సు సారు గంటసేపూ బోర్డుతోనే మాట్లాడాడు. రెండు జోకులు కూడా వేశాడు. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. ఏం జోకులో నాకు తెలీదు."

ట్యామ్సిన్ లోపలికొచ్చింది.

"వచ్చే ఏడు అక్కడ నువ్వుండవు. నాకేం కావాలో ఆయనకి ఎవరు చెప్తారు?"

ఇక్కడ రాసిన కాగితమే పిల్లతో పాటు హైస్కూల్‌కి వెళుతుంది. ఏమీ రాయకపోతే ఏమీ అవసరం లేదనే అక్కడివాళ్లు అనుకుంటారు. మెరిన్ ఆరు నెలలుగా చెబుతున్నది ఇదే. లీత్ చెవికెక్కింది మాత్రం ఇప్పుడే. కుర్చీలో కూలబడ్డాడు.

ట్యామ్సిన్ తండ్రి సంచిలోంచి కాఫీ మరకల డైరీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇందులోవి పనికిరావా? నాన్న రోజూ పాఠం పక్కన రాసుకుంటాడు."

మెరిన్ పేజీలు తిప్పింది. భిన్నాల పాఠం పక్కన పెన్సిల్‌తో, 'వెనక బెంచీ వాళ్ల ప్రశ్న ట్యామ్ కోసం మళ్లీ చెప్పాలి.' ఇంకో రోజు, 'రేకుల మీద వాన. ట్యామ్ కుర్చీ ముందుకి.' ఫిబ్రవరి నుంచి నిన్నటిదాకా ఒక్క వారం కూడా వదల్లేదు.

"ఏంటిది?"

"మర్చిపోతానేమోనని," అన్నాడు లీత్ నేల చూపులు చూస్తూ. "ఒకసారి మర్చిపోయా. అప్పుడు దాని మొహం నువ్వు చూళ్లేదు."

"గాడిదా!" మెరిన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆరు నెలలుగా రుజువు సంచిలో పెట్టుకు తిరుగుతూ నా ప్రాణం తోడేస్తావా? అచ్చంగా ఇవే కావాలి నాకు!"

కళ్లు తుడుచుకుంటూనే పేజీలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసింది. పంతొమ్మిదో వరసలో కూతురి పేరు కొట్టింది. 'ఇంట్లోవాళ్లతో మాట్లాడారా?' అన్న గడి దగ్గర ముగ్గురికీ నవ్వాగలేదు. అవునని కొట్టి, ఇవాళ్టి తారీఖే వేసింది.

ముగ్గురూ కారెక్కారు. కారు నడిపే మెరిన్ పక్క సీట్లో కూర్చున్న లీత్ నడుం మెలితిప్పి పూర్తిగా వెనక్కి తిరిగాడు. ట్యామ్సిన్ తన మొహం చూసేదాకా ఆగి అప్పుడడిగాడు, "బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా," అని ట్యామ్సిన్ ముందుకు వంగి తల్లి భుజం తట్టింది. "అమ్మా, ఇది కూడా రాసుకో."