చూలాలి దిబ్బ

పేరేసంద్ర దాటి బాగేపల్లి వైపు పోతుంటే గుండ్ల వెనకాల ఒక పెద్ద చెరువు ఉంది. చెరువు నడుమ ఒక దిబ్బ. దిబ్బ నిండా నల్లతుమ్మ చెట్లు. పగటిపూట చూస్తే ముచ్చటైన చోటే. పొద్దు గుంకినాక మాత్రం ఆ వైపు వేలు చూపించడానికి కూడా ఊరివాళ్ళు ఒప్పుకోరు. దాని పేరు చూలాలి దిబ్బ.

కడుపుతో ఉన్న మనిషి పోతే, బిడ్డ లోపలే ఉండిపోతే, ఆమెను ఊరి వల్లకాట్లో పూడ్చరు. దూరంగా పూడ్చి, ఆ చోట రెండు నిలువురాళ్ళు పాతి, వాటి మీద అడ్డంగా మూడోది పెడతారు. నెత్తిన కట్టెలమోపుతో పోయేవాళ్ళు ఆ అడ్డరాయి మీద మోపు దించి, కాస్త ఊపిరి తీసుకొని, మళ్ళీ ఎత్తుకుంటారు. ఆమె దించుకోలేకపోయిన బరువు ఇట్లా పదిమంది దించితే తీరుతుందని నమ్మకం. కొన్ని చోట్ల రోడ్ల పక్కన ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బస్సు కోసం కాచుకున్నవాళ్ళు వాటి మీద టమాటా గంపలు పెట్టుకుంటారు. ఎందుకు పాతినారని అడిగితే మాత్రం మొహం మొహం చూసుకుంటారు.

ఈ దిబ్బ మీదా అట్లాంటి మూడు రాళ్ళు ఉన్నాయి. వాటికి ఆ మాత్రం భాగ్యం కూడా పోయింది. చెరువు ఎండిపోయి ఉన్నన్నాళ్ళూ దాని మీదుగా కాలిబాట ఉండేది. పైపుల్లో నీళ్ళు తెచ్చి చెరువులు నింపడం మొదలైనాక బాట మునిగింది. మనిషి అడుగు అరుదుగా పడే చోటు పక్షులకు పుట్టినిల్లు. ఎర్రకాళ్ళ కొంగలు వచ్చినాయి, గూడబాతులు వచ్చినాయి. ఒక్కో చెట్టు మీద పది గూళ్ళు.

ఆ పక్షుల వెంట సహన వచ్చింది.

సహన చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీలో జీవశాస్త్రం చెప్తుంది. వాళ్ళది తరతరాలుగా గుడి సేవ చేసుకున్న ఇల్లు. తాత మంత్రం చెప్పేవాడు, మనవరాలు కప్పను కోసి చూపిస్తుంది, కాలం అట్లా నడిచింది. చింతామణి నుంచి, చిక్కబళ్ళాపురం నుంచి పదిమందిని పోగేసి, అడవి శాఖవాళ్ళను, అదే అరణ్య ఇలాఖెను, ఒప్పించి, ఆదివారాలు ఆ దిబ్బకు కాపలా కాసేది. జీతం లేదు, బత్తెం లేదు. వలల్లో కాళ్ళు చిక్కుకున్న పక్షి పిల్లల్ని విడిపించడం, గుడ్లు దొంగిలించేవాళ్ళను తరమడం, అదీ పని.

ఆ వేసవిలో ఒక ఆదివారం దిబ్బను శుభ్రం చేసినారు. సారాయి ప్యాకెట్లు, తెగిన వలలు, థర్మకోల్ ముక్కలు. ఆ మూడు రాళ్ళ కింద ఒక కుప్ప గాజులు. పచ్చవి, ఎర్రవి, మట్టి పట్టినవి, పగిలినవి. గాజు పెంకులు పక్షి పిల్లల కాళ్ళు కోస్తాయని సహన తన చేత్తోనే, చేతికి తొడుగు వేసుకొని, ఒక్కటి మిగలకుండా ఏరి గోతానికి ఎత్తింది. గోతం టౌనుకు పోయి చెత్తలో కలిసింది.

ఆ గాజులు చెత్త కావు.

ఊళ్ళో ఎవరికి నెలలు నిండుతున్నా, ఆ ఇంటి ఆడవాళ్ళు పుట్టి కట్టించుకొని, ఆ బుట్ట పడవలో పోయి ఒక జత గాజులు ఆ రాళ్ళ కింద పెట్టి వస్తారు. ‘నీకూ చేసినాం తల్లీ, మా బిడ్డ మీద కన్ను పెట్టొద్దు’ అని. అంతే. తరాల గాజులు అవి.

మరుసటి ఆదివారం ఊళ్ళో వీళ్ళకు మంచినీళ్ళు పుట్టలేదు. హోటల్లో పాలు పొంగుతుండగానే టీ అయిపోయిందన్నారు. సహన కారుకు రెండు టైర్లలో గాలి లేదు. అన్నిటికన్నా పైన మునినారాయణ వచ్చినాడు. ఊళ్ళో పెద్ద రైతు. ఆయన కోడలు ప్రేమకు తొమ్మిదో నెల.

"ఏమమ్మా, మీ ఇంట్లో తులసికోట కూడా కసువని ఊడ్చేస్తారా?"

"తెలీక చేసినామప్పా. తప్పే."

"తెలీకపోతే అడిగేది. అడిగేదానికి మేం మనుషులమా, కొంగలమా?"

సహనకు కోపం వచ్చింది. "వేరే ఊళ్ళల్లో ఈ కొంగల్ని కాన్పుకు వచ్చిన కూతుళ్ళ మాదిరి చూసుకుంటాండారు, తెలుసా!"

"మా ఊళ్ళో కాన్పు కాని కూతురు ఒకతి ఆ దిబ్బ మీద పడుండాది. ముందు దాని సంగతి చూడు."

అని ఉమ్మేసి పోయినాడు.

పదిరోజులకు, చీకటి పడే వేళ, ఆయనే ఫోన్ చేసినాడు. ప్రేమను పొద్దున్నే బాగేపల్లి ఆస్పత్రిలో చేర్చినారు. నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి, కాన్పు కావడం లేదు. గొంతు కరుగ్గా ఉంది.

"నువ్వు తీసింది నువ్వే పెట్టల్ల. ఈ రాత్రికే. నా కోడలికి ఏమన్నా అయిందంటే, తెల్లారేసరికి ఆ దిబ్బ మీద ఒక్క చెట్టు ఉండదు. రంపాలు రెడీగా ఉండాయి."

 గూళ్ళ నిండా పిల్లలు. ఇంకా రెక్కలు రాలేదు. చెట్టు కూలితే ఒక్కటీ బతకదు. ఇలాఖెకు ఫోన్ చేస్తే పొద్దున జీపు పంపుతామన్నారు. పొద్దున వచ్చి మొద్దులు చూసుకోవాల్సిందే.

సహన చెప్పిందంతా తల్లి శశికళ విన్నది. ఆమె ఏమీ కసరలేదు. లోపలికి పోయి ఒక సంచి సర్ది తెచ్చింది.

"నమ్ముతావో లేదో నీ ఇష్టం. పెట్టేదేదో సాంగంగా పెట్టు. చూలాలికి సగం సగం చెయ్యకూడదు."

చెరువుకట్ట చేరేసరికి ఊరు నిద్రపోయింది. మునినారాయణ టార్చి పట్టుకొని పుట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. తోడు ఎవరూ రాలేదు. వస్తారా?

పుట్టిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన తెడ్డు వేస్తున్నాడు. ఒకరంటే ఒకరికి పడని మనుషులు, మోకాళ్ళు తగిలేటంత ఎడంలో. నీళ్ళు నల్లగా, కదలకుండా... తెడ్డు దెబ్బ తప్ప ఇంకో చప్పుడు లేదు.

దిబ్బ దగ్గరయింది.

అప్పుడు వినిపించింది — మూలుగు.

ఒకటి కాదు. చెట్ల పైనుంచి, పొదల నుంచి... నొప్పులు పడే మనిషి పళ్ళ సందున ఆపుకుంటున్నట్టు... మ్మ్... మ్మ్...

మునినారాయణ తెడ్డు ఆగింది.

"ఇన్నావా?" గుసగుసగా అడిగినాడు.

సహన ఒక్క క్షణం బిగుసుకుపోయి, తరువాత చిన్నగా నవ్వింది. "గూడబాతు పిల్లలప్పా. ఆకలైతే అట్లే మూలుగుతాయి."

"నగొద్దు. ఈడ నగొద్దు."

పుట్టి గట్టుకు తగిలింది. ఆయన దిగలేదు. ఆ రాళ్ళ దగ్గరికి మగవాళ్ళు పోరు. దిబ్బకు వీపు పెట్టి కూర్చొని, "పెట్టి బిరీన రా" అన్నాడు.

ముళ్ళు తప్పించుకుంటూ సహన ఒక్కతే నడిచింది. పక్షుల రెట్ట వాసన ముక్కులు పగలగొడుతోంది. కాలి కింద ఏదో చిట్లింది — గుడ్డు పెంకు. మూడు రాళ్ళూ ఫోన్ టార్చి వెలుగులో తెల్లగా కనిపించినాయి.

అమ్మ సర్దిన సంచి విప్పింది. అడ్డరాయి మీద పచ్చ రవికగుడ్డ పరిచింది. పసుపు, కుంకుమ, పూలు. డజను పచ్చగాజులు. తమలపాకులు, టెంకాయ, బెల్లం అచ్చు. చివరికి పసుపు కలిపిన బియ్యం, రెండు దోసిళ్ళు, గుడ్డలో పోసింది.

బియ్యం పడుతుండగానే మూలుగులు ఆగిపోయినాయి.

అన్నీ. ఒక్కసారిగా.

వందల పక్షులున్న చోట... రెక్క కదలడం లేదు. ముక్కు టకటకలాడడం లేదు. సహన తల ఎత్తింది. కొమ్మల మీద వరసలు వరసలుగా నిలబడిన కొంగలు — ఒక్కటీ ఆమెను చూడడం లేదు. అన్నీ ఆమె భుజం పక్కగా, వెనక్కి చూస్తున్నాయి.

ఆమె వెనక్కి తిరగలేదు. ఖాళీ సంచి చుట్టుకొని గబగబా వచ్చి పుట్టి ఎక్కింది.

ఎక్కినాక పుట్టి ఒకసారి ఊగి సద్దుమణిగింది. సద్దుమణిగినాక... ఇంకోసారి ఊగింది.

మునినారాయణ తెడ్డు వేసినాడు. పుట్టి కదలలేదు. కాలితో గట్టును తన్ని, ఒళ్ళంతా వంచి లాగితే మెల్లగా నడిచింది. వచ్చేటప్పుడు అంచుకు మూరెడు కింద ఉన్న నీళ్ళు ఇప్పుడు జానెడులో ఉన్నాయి.

"ఏం ఎక్కించినావమ్మా?"

"ఏమీ లేదప్పా. సంచి కూడా ఖాళీదే."

ఆయన రొప్పుతూ, పళ్ళు బిగబట్టి, కట్ట మీది దీపం వైపే చూస్తూ తెడ్డు వేసినాడు. సహన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కదలకుండా కూర్చుంది. నీళ్ళు రెండుసార్లు అంచు దాటి లోపల పడినాయి... చల్లగా, పాదాల మీద.

కట్ట చేరినారు. పుట్టిని గుంజకు కడుతుండగానే ఆయన జేబులో ఫోన్ మోగింది.

"అప్పా... ఆడబిడ్డ! ఇద్దరూ బాగుండారు!" కొడుకు గొంతు సహనకు కూడా వినిపించింది.

మునినారాయణ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని నిలబడినాడు. కండ్లు తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఈమె చూస్తుందని కాబోలు. ఫోన్ జేబులో వేసుకొని ఆమె వైపు తిరిగినాడు.

"చెట్ల మీద ఇంక ఎవడూ చెయ్యి వెయ్యడు. నాది పూచీ. నీ కొంగల్ని నువ్వు పెంచుకో పో."

 ఆయన మొదటిసారి మామూలు మనిషిలా అడిగినాడు. "గాజులు బాగా పెట్టినావు గదా? రాళ్ళ కిందనే గదా?"

"కింద కాదప్పా, రాయి మీదనే. మా అమ్మ అన్నీ సాంగంగా సర్ది ఇచ్చింది. రవికగుడ్డ పరిచి, గాజులు, టెంకాయ, బెల్లం పెట్టి, ఒడిబియ్యం పోసినా."

మునినారాయణ చేతిలో టార్చి కిందికి వాలింది.

"బియ్యమా?"

"ఊఁ. ఏమప్పా?"

"బియ్యం... పోసినావా?"

ఆయన ఒక అడుగు వెనక్కి వేసినాడు. పుట్టి వైపు చూసినాడు. ఇద్దరూ దిగిపోయినా అది ఇంకా ఊగుతూనే ఉంది. సహన వైపు చూసినాడు, చూసి వెంటనే మొహం తిప్పుకున్నాడు.

"మేం గాజులే పెడతాం. బియ్యం పొయ్యం. మా అవ్వ కాలం నించి ఎవరూ పొయ్యలేదు."

"ఎందుకు?"

"దిబ్బ మీద ఉండేదానికి నెలలు నిండినా పుట్టినింటోళ్ళు వచ్చి పిలుచుకొని పోలేదమ్మా. యాడోళ్ళో, జంగమకోటె అవతల ఏదో ఊరంట. ఈ పొద్దు వస్తారు, రేపు వస్తారు అని చూసి చూసి... ఆఖరికి నేనే పోతానని చెరువులో అడ్డం పడి నడిచింది. ఆ దిబ్బ కాడ నొప్పులు వచ్చినాయి. ఒంటిగా పోయింది." ఆయన గొంతు తగ్గించినాడు. "చూలాలికి బియ్యం పోసి ఒడి నింపేది ఎవరు? పుట్టినింటోళ్ళు. నింపినాక?"

 సహనకు తెలుసు. ఈ సీమలో ఆడపుట్టుక పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒడి నింపినవాళ్ళు ఆ పిల్లను కాన్పుకు తమ ఇంటికి పిలుచుకొని పోతారు.

"నువ్వు పొమ్మా," అన్నాడు మునినారాయణ. "ఈడ నిలబడొద్దు. పో."

కారు దాకా తోడు వస్తాడేమో అనుకుంది. రాలేదు. టార్చి వెలుగు ఊరి వైపు దాదాపు పరుగెత్తుతూ పోయింది. ఇంతసేపు తిట్టిన మనిషి కన్నా, ఇట్లా వదిలేసి పోయిన మనిషి ఎక్కువ భయపెట్టినాడు.

చీకట్లో కారు తలుపు తెరిచి, సంచి వెనక సీట్లో విసిరేసి, కూర్చొని తలుపులన్నీ బిగించుకుంది. తాను చదువుకున్న మనిషి. కోడలికి కాన్పు అయింది, ఆ టైముకు అయ్యేదే అయింది. పుట్టిలోకి నీళ్ళు ఊరి ఉంటాయి, అందుకే బరువు. ఇవన్నీ రేపు కాలేజీలో చెప్పుకొని నవ్వుకోవచ్చు. అమ్మకు మాత్రం చెప్పకూడదు.

మట్టిదారి దాటి హైవే ఎక్కింది. పేరేసంద్ర దీపాలు కనిపించినాయి. కాస్త ధైర్యం వచ్చి వేగం పెంచింది.

టింగ్... టింగ్... టింగ్...

ముందు అద్దం కింద ఎర్రటి గుర్తు వెలుగుతోంది. పక్క సీటు బెల్టు పెట్టలేదని.

పక్క సీటు ఖాళీ.

సీటు కిందున్న యంత్రం చెడి ఉంటుంది. గుంతల్లో పడితే చెడుతుంది. ఆమె ఖాళీ సీటును అరచేత్తో ఒకసారి తట్టబోయి... చెయ్యి వెనక్కి తీసుకుంది.

టింగ్ టింగ్ టింగ్... చప్పుడు దగ్గర దగ్గరగా, పెద్దదై, చెవుల్లో గుచ్చుతోంది. భరించలేకపోయింది. ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, కండ్లు రోడ్డు మీదనే పెట్టి, రెండో చెయ్యి చాచి ఆ బెల్టు లాగింది. మామూలుగా లాగే దానికన్నా చాలా పొడుగు లాగాల్సి వచ్చింది. కొక్కెంలో గుచ్చింది.

చప్పుడు ఆగింది.

హమ్మయ్య అనుకొని చెయ్యి వదిలింది. వదిలేస్తే ఆ బెల్టు చటుక్కున వెనక్కి పోయి ఖాళీ సీటుకు అతుక్కోవాలి.

అతుక్కోలేదు.

ఎదురుగా వచ్చిన లారీ వెలుగు కారులోకి పడింది. సీటుకు మూరెడు ఎడంగా, ముందుకు, గుండ్రంగా... బెల్టు గాలిలో నిలబడి ఉంది.

మెల్లగా లేస్తోంది. మెల్లగా దిగుతోంది.