మంజుష పద్దు

సూర్యతేజా, సుప్రియా, ఫోన్లో మామ్మ తేజని "తవిటిగా" అని పిలిచినప్పుడల్లా మీరిద్దరూ పడీపడీ నవ్వుతారు. ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగితే పొయ్యి మీద ఏదో మాడుతోందని నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. నాగపూర్ వచ్చాక ఈ కథ మన ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మీరు ట్యూషన్ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే గేటు దగ్గరికొచ్చి నిలబడేదాన్ని కదా, అదెందుకో చెప్పి మిమ్మల్ని భయపెట్టడం ఇష్టం లేకపోయింది. ఇప్పుడు చెబుతాను. దగ్గరికి జరగండి.

మీకంటే ముందు మాకో పాప ఉండేది. మంజుష.

అప్పుడు మేం ధవళేశ్వరంలో, కాలవ గట్టు మీద ఒక మేడ పైవాటాలో అద్దెకుండేవాళ్ళం. కిటికీ తీస్తే ఒండ్రుమట్టి వాసన. వానాకాలం బ్యారేజీ గేట్లు ఎత్తితే ఆ నీటి హోరు గోడల్లోంచి వస్తున్నట్టుండేది. మీ నాన్నగారు రోజూ బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవారు. వాళ్ళు మూల పడేసిన పాత కంప్యూటర్ని జీతంలో కోయించుకుని ఇంటికి తెచ్చారు. అందులో బొమ్మలుండేవి కావు, మౌసు ఉండేది కాదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, చివర మిణుకుమిణుకుమనే చిన్న గీత. అంతే. ఇంటి ఖర్చుల కోసం ఆయనే ఒక ప్రోగ్రాం రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో "పాలు" అని కొట్టి, పక్కన ఎంతైందో వేసి ఎంటర్ నొక్కితే, పాల పద్దులో ఇంకా ఎంతుందో రెప్పపాటులో చెప్పేది. ఒకటో తారీఖున జీతం వేస్తే బియ్యానికింత, అద్దెకింత, బస్సుకింత అని అదే పంచేది. మంజుషకీ ఒక పద్దు ఉండేది. దాని బిస్కెట్లు, గౌన్లు, మందులు అందులోంచే.

మంజుష ఒక శ్రావణంలో జ్వరమొచ్చి పోయింది. మూడేళ్ళు నిండాయి, అంతే.

పద్దు మాత్రం ఉండిపోయింది. తీసేయండని నేను అనలేకపోయాను. తీసేస్తానని ఆయన అనలేకపోయారు. ఒకటో తారీఖు రాగానే ఆ యంత్రం తనంతట తానే మంజుషకి డబ్బు వేసేది. ఖర్చుపెట్టే మనిషి లేక అది పెరుగుతూ పోయేది.

తొంభై ఎనిమిదిలో తేజ పుట్టాడు. మామ్మ పెనుగొండ నుంచి వచ్చింది. ఒక బిడ్డ పోయాక పుట్టినవాణ్ణి ఊరికే ఉంచుకోకూడదని, పరాయివాళ్ళ చేతిలో పెట్టి తవుడు పోసి కొనుక్కోవాలని పట్టుబట్టింది. అలా కొన్న బిడ్డని చూసి, వీడు వీళ్ళ కడుపున పుట్టినవాడు కాదులే అని మృత్యువు వెళ్ళిపోతుందట. కింద వాటాలో పాలమ్మే అచ్చాయమ్మని పిలిచి, చేటలో తేజని పడుకోబెట్టి ఆవిడకిచ్చారు.

అచ్చాయమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఆయ్, బిడ్డ నాదేనండి. అమ్ముతాను గానీ, ఈ ఏడుపుగొట్టోడికి పోసే తవుడేదో మా గేదెకి పోస్తే పాలన్నా ఇస్తుంది. ఆలోచించుకోండి," అంది.

అందరం నవ్వాం. మంజుష పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. మిల్లు నుంచి తెప్పించిన తవుడు పోసి బిడ్డని ఒళ్ళోకి తీసుకున్నాను. మీ నాన్నగారు ఆ సాయంత్రమే కంప్యూటర్ ముందు కూర్చుని "తవుడు, మూడు రూపాయలు" అని కొట్టారు. కొడుకుని కొన్నది కూడా అందులో ఎక్కించాలా అని మామ్మ దెప్పింది.

మామ్మ ఊరెళ్ళిపోయాక మొదలైంది.

ముందు ఉయ్యాల. గాలి లేకపోయినా ఊగేది. తరవాత వాసన. మంజుషకి రాసే పౌడరు వాసన. ఆ డబ్బా నేనెప్పుడో పారేశాను. తేజకి నేను బుగ్గన పెట్టిన దిష్టిచుక్క కాకుండా, మోచేతి మీద ఒకటి, పొట్ట మీద ఒకటి కనిపించేవి. వంకరగా, చిన్న వేలితో దిద్దినట్టు. వాడు నా దగ్గర పాలు తాగడం మానేశాడు. ఉయ్యాల పక్కన ఖాళీ జాగా చూసి నవ్వేవాడు. నేనెత్తుకుంటే ఏడ్చేవాడు, పరాయిదాని చేతుల్లో పడ్డట్టు.

బిడ్డ చిక్కిపోయాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. తరవాత జ్వరం వచ్చింది. ఆ జ్వరం నాకు తెలుసు.

ఒకరోజు ముసురు పట్టింది. దీపాలు పెట్టే వేళ. మీ నాన్నగారు ఇంకా రాలేదు. మందు కలిపి గదిలోకొచ్చాను.

ఉయ్యాల ఖాళీ.

కంప్యూటర్ బల్ల కింద నుంచి చిన్న చప్పుడు. జోకొడుతున్న చప్పుడు. తప్... తప్... తప్...

వంగి చూశాను. తేజ నేల మీద ఉన్నాడు. మెడదాకా మంజుష పాత తువ్వాలు కప్పి ఉంది. పక్కన ఎవరూ లేరు. చప్పుడైనప్పుడల్లా తువ్వాలు కాస్త లోపలికి నొక్కుకుంటోంది...

చెయ్యి చాచాను.

"నాది..." చెవి పక్కనే. "నేను కొనుక్కున్నా..."

వాణ్ణి లాక్కుని మెట్ల మీదికి పరిగెత్తాను. తడిసిపోయి పైకొస్తున్న మీ నాన్నగారు ఎదురయ్యారు. నేను చెప్పింది విని ఆయన పిచ్చిదాన్ననలేదు. కొనుక్కున్నానన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయారు. లోపలికొచ్చి, కంప్యూటర్ పెట్టి, మంజుష పద్దు చూపించమని కొట్టారు. పాత ఖర్చులన్నీ వరసగా వచ్చాయి. జ్వరం మందు దగ్గర ఆగిపోవాలి. ఆగలేదు. దాని కింద ఇంకో వరస ఉంది.

తవుడు. మూడు రూపాయలు.

ప్రోగ్రాం పద్ధతే అది. ఏదైనా ఖర్చుకి పద్దు లేకపోతే, ఎక్కువ మిగులున్న పద్దులోంచి అదే తీసేసుకుంటుంది. తవుడికి మా ఇంట్లో పద్దు ఎక్కడిది? మిగులున్నది మంజుషకే.

"మనం కొనలేదు నీలవేణీ," అన్నారాయన మెల్లగా. "అది కొంది."

తిరిగి కొనాలి. ఆయన కొట్టారు. మా బియ్యం పద్దులోంచి మంజుష పద్దుకి మూడు రూపాయలు. బిడ్డ ఖరీదు. ఎంటర్ నొక్కారు.

రెప్పపాటులో జవాబిచ్చే యంత్రం... ఇవ్వలేదు. గీత మిణుకుమనడం ఆగిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది. వీధంతా చీకటి. కింద గేదె ఒక్కసారి అరిచి ఊరుకుంది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది...

పౌడరు వాసన. మోకాళ్ళ దగ్గర చల్లగా తగిలింది. ఎవరో నా కుచ్చెళ్ళు పట్టుకున్నారు.

"అమ్మా..."

కిందికి చూడలేదు నేను.

"నన్నెందుకు కొనుక్కోలేదు?"

మీ నాన్నగారు మొహం చేతుల్లో దాచుకున్నారు. నేనే చెప్పాలి.

"మొదటిదానివి కదమ్మా... కొనుక్కోవాలని తెలియలేదు. నువ్వు మా దగ్గరే ఉంటావనుకున్నాం."

నీళ్ళ హోరు, అంతే. తరవాత కుచ్చెళ్ళు వదిలింది... ఒక్కొక్క మడతా. గీత మళ్ళీ మిణుకుమంది. తెర ఆరిపోయింది. ఆ చీకట్లో తేజ నా పాల కోసం వెతుక్కున్నాడు.

కూతురు వెళ్ళిపోయిందని ఏడవాలో, కొడుకు దక్కాడని ఏడవాలో తెలియలేదు. రెండూ ఏడ్చాను.

ఆ నెలలోనే మీ నాన్నగారు ఇక్కడ ఉద్యోగం చూసుకున్నారు. కంప్యూటర్ వెంట తేలేదు. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఇంటి ఖర్చులు రాయలేదు. డబ్బు ఎటు పోతోందో తెలియకుండానే నెలలు వెళ్ళదీశాం. పోతే పోనీ.

సుప్రియా, ఇది నీ సంగతి. నువ్వు నాగపూర్లోనే పుట్టావు. తేజ నిలబడ్డాడు కదా, నిన్ను కొననక్కర్లేదన్నారు. మంజుష పేరు నీ చెవిన పడలేదు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. నీకు మాటలొస్తున్న కొత్తలో పక్కింటి సత్యకుమారి నిన్నెత్తుకుని, పిల్లల్ని అందరూ అడిగేదే, ఎవరి పాపవే నువ్వు, అమ్మ పాపవా నాన్న పాపవా అంది. నువ్వు ఆవిడ భుజం మీదుగా మన తలుపు వైపు చూసి నవ్వావు.

"అక్క పాపని," అన్నావు.

తలుపు దగ్గర ఎవరూ లేరు తల్లీ. నీకు ఒక అక్క ఉండేదని మేం చెప్పనే లేదు.

రేపు మీకూ పిల్లలు పుడతారు. అప్పటికి చెప్పడానికి నేనుంటానో ఉండనో. ఈ కథ వాళ్ళకి చెప్పండి. వాళ్ళ పిల్లలకి చెప్పమనండి. తవుడు తెచ్చుకోండి, మీ చేతి డబ్బుతోనే తెచ్చుకోండి. మొదటి బిడ్డని కూడా కొనుక్కోమని చెప్పండి.