ఎదలో మరిచిన గుడ్డ

మదనపల్లె స్కానింగ్ సెంటర్లో ఆ మధ్యాహ్నం జనం పలచగా ఉన్నారు. ఫినాయిల్ వాసన, ఏసీ రొద. పుంగనూరులో బోరు మోటార్లు బాగుచేసే మునిశేఖర్ ఆర్నెల్లుగా దగ్గుతున్నాడు. అతన్ని మిషన్లోకి పంపి, భార్య యమున అద్దానికి ఇవతల నిలబడింది.

"ఊపిరి బిగబట్టన్నా," అంది టెక్నీషియన్ భార్గవి మైకులో.

అతను బిగబట్టాడు. బొమ్మ చెదిరింది. మళ్ళీ తీసింది. మళ్ళీ చెదిరింది.

"ఆయన కదల్లేదే... లోపలేదో ఊపిరి తీసుకుంటాండాది," గొణిగింది భార్గవి.

డాక్టరు చిన్నప్ప ఫిల్మును వెలుతురుకి పట్టాడు. గుండె పక్కన గుండ్రటి ముద్ద. అందులో తేనెపట్టులా గాలి బుడగలు, వాటి మధ్య మడతలు పడిన తెల్లటి గీత.

"గడ్డ కాదమ్మా, గుడ్డ. ఆపరేషన్లో నెత్తురు అద్దేది. ఎక్స్‌రేలో కనిపించాలని దాంట్లో ఈ దారం నేసుంటారు. ఆరేళ్ళ కింద గుండె ఆపరేషనప్పుడు లోపలే మరిచిపోయినారు. అప్పుడు పక్కన ఉన్నింది మీరేనా?"

"నేను కాదు సార్. మొదటి పెళ్ళాం."

ఆ మాట యమున నోట్లో చేదుగా తిరిగింది. కీర్తి పోయి నాలుగేళ్ళు. ఆమె ఫోటోను యమున గోడ మీంచి తీయించింది, చీరలు పంచేసింది. అయినా మొగుడు నిద్రలో ఎడమ రొమ్ము మీద చెయ్యేసుకుని, పసిబిడ్డను జోకొట్టినట్టు తడుతుంటాడు. తన మీద ఆ చెయ్యి ఒక్కనాడూ అంత మెత్తగా పడలేదు.

గుడ్డ తీసేదానికి ఆపరేషన్ ఖాయమైంది. మరునాడు పగటిపూట అతను కునుకు తీస్తుంటే, ఆ చెయ్యి పక్కకి తోసి, రొమ్ముకి చెవి ఆనించింది. గుండె చప్పుడు. గరగర. తర్వాత... ఒక ఆడగొంతు.

"నన్ను ఈడ్నించి యాల తీపిస్తాండావు..."

అది ఎవరి గొంతో యమునకు తెలిసిపోయింది. అయినా తల ఎత్తలేదు. భయం కన్నా కుళ్ళే ఎక్కువైంది.

"నా మొగుడక్కా. ఇంక ఈడ నీకు చోటు లేదు," అంది పళ్ళబిగువున.

ఆపరేషన్ అయింది. గుడ్డ బయటికొచ్చింది. యమున ప్రాణం తేలికపడింది. మొగుణ్ణి చూద్దామని ఐసీయూ దగ్గరికి పోతే నర్సు ఆపింది.

"ఒక్కరినే పంపేదమ్మా. మీ అక్క లోపల ఉండాది కదా."

యమునకు తోడబుట్టినోళ్ళు లేరు.

తలుపు అద్దంలోంచి చూసింది. మంచం పక్కన స్టూలు ఖాళీ. మునిశేఖర్ కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. నుదుటి మీద జుట్టు మెల్లగా పాయలుగా విడిపోతోంది... వెనక్కి పడుతోంది... మళ్ళీ పాయలు...

తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, లోపల టక్కుమంది. తోసింది. రాలేదు. భుజం పెట్టి తోసింది.

"గడియ తీయమను పాపా! ఎవరు పెట్టింది?"

నర్సు ఆమెను వింతగా చూసింది.

"ఆ తలుపుకి గడియే లేదమ్మా."