ఆటో ఎక్కిన తాబేలు

"మేడమ్, సుభద్ర ఆటో ఎక్కింది" అన్నాడు అసిస్టెంట్ శివాజీ.

డాక్టర్ మందాకిని చేతిలోని కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

విశాఖ తీరంలో, అలలతో పుట్టిన కరెంటుతో వెలిగే పరిశోధనశాల అది. గోడ నిండా బంగాళాఖాతం పటం, దాని మీద చల్లినట్టు పచ్చటి చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో తాబేలు. ఒడిశా నుంచి దిగివచ్చేవి కొన్ని, లంక వైపు నుంచి ఎగబాకేవి కొన్ని. అన్నీ బుద్ధిగా నీళ్ళలోనే ఉన్నాయి. సుభద్ర ఒక్కటి మాత్రం శ్రీకాకుళం తీరాన గట్టెక్కి, తారురోడ్డు పట్టుకుని, దుమ్ము రేపుకుంటూ చేపల సంతకు పోతోంది.

"మొన్న పెళ్ళి ఊరేగింపులో కూడా ఉంది మేడమ్. కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి. చిందులేసినట్టుంది" అన్నాడు శివాజీ, నవ్వు ఆపుకోలేక.

మందాకినికి నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు ఆ చుక్కల్ని పంపే బిళ్ళ సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోతే వెనక వరసలోవాళ్ళు తాబేలేమిటి, ఆటో ఏమిటి అనుకుంటూ లేచిపోతారు.

సముద్రపు తాబేలు చేప కాదండీ. మనలాగే దానికీ ఊపిరితిత్తులున్నాయి. ఎంత లోతుకు మునిగినా గాలి కోసం పైకి రావలసిందే. ట్రాలర్ అనే పెద్ద బోటు గంటల తరబడి వల ఈడ్చుకుపోతుంది. ఆ వలలో చిక్కిన తాబేలు ఊపిరాడక నీళ్ళలోనే పోతుంది. నీళ్ళలో పెరిగిన జీవి నీళ్ళలో మునిగి చచ్చిపోవడం! అంతకన్నా అన్యాయం ఏముంటుంది చెప్పండి.

వెనకటి రోజుల్లో శాస్త్రవేత్తలు తాబేలు వీపు మీద గుప్పెడంత టాగ్ అంటించేవాళ్ళు. దాని బాటరీ కొన్నాళ్ళకే చల్లబడిపోయేది. మందాకిని తయారుచేసినది గోరంత బిళ్ళ. బాటరీ లేదు. ఒళ్ళు కదిలితే చాలు, ఆ కదలికలోంచే కరెంటు పుట్టించుకుంటుంది. ఎంత లోతుకు దిగింది, ఎంత ఎత్తుకు లేచింది అన్నీ గుర్తుపెట్టుకుని, తాబేలు గాలి కోసం తల ఎత్తగానే పైనున్న శాటిలైట్‌కి చేరవేస్తుంది. అంతటితో ఆగలేదు మందాకిని మహాతల్లి. తాబేలు ఎక్కడుంటే అక్కడ దాని చుట్టూ ఒక కనపడని గీత. ఆ గీతలోకి ట్రాలర్ అడుగుపెట్టిందా, ఇంజను దానంతటదే ఆగిపోతుంది. వెనక్కి పోతానంటేనే మళ్ళీ స్టార్టవుతుంది. ఈ ఏర్పాటుకి చట్టం చేసి, 'కవచం' అని పేరు పెట్టారు. పాలసముద్రం చిలికిననాడు కొండనే వీపున మోసిన స్వామి, ఈ కలియుగంలో మనం అంటించిన గోరంత బిళ్ళ మోస్తున్నాడంటే, మన మీద దయ కాక మరేమిటి?

కవచం వచ్చాక వలల్లో పోయే తాబేళ్ళు బాగా తగ్గాయి. కానీ ట్రాలర్ల సంఘంవాళ్ళు కేసు పెట్టారు. బిళ్ళలు తప్పుడు సిగ్నల్స్ ఇస్తున్నాయనీ, తాబేలు లేనిచోట తమ ఇంజన్లు ఆగిపోతున్నాయనీ, కవచం ఎత్తివేయాలనీ. వచ్చేవారమే విచారణ. సరిగ్గా ఈ సమయంలో సుభద్ర సంతకు బయల్దేరింది.

"జీపు తియ్యి శివాజీ" అంది మందాకిని.

*

చుక్క చివరికి దిబ్బలపాలెంలో ఒక రేకులింటి దగ్గర ఆగింది. వీళ్ళు చేరేసరికి మర్నాడు ఉదయమైంది, చుక్క కాస్తా మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోయింది. అరుగు మీద కూర్చుని ఒక ఆడమనిషి ఎండు చేపలు ఏరుతోంది. ఆమె పేరు పోలమ్మ.

"ఏటమ్మా, ఎవురు కావాల?"

"తాబేలు కోసం వచ్చామమ్మా" అంది మందాకిని.

పోలమ్మ ఆమెను పైనించి కిందకి చూసింది. "తాబేలు కోసం నా ఇంటికొచ్చినావేటి తల్లీ? అదిగో అంత సముద్రం ఉంది కద. ఎల్లి పిలు, పలుకుతాదేమో."

మందాకిని ఫోన్‌లో బిళ్ళ బొమ్మ చూపించింది. పోలమ్మ మొహం వెలిగిపోయింది. "ఓలమ్మ! ఇది మావోడి దండసేతికున్న బిళ్ళ కదేటి!"

అప్పుడు చెప్పింది పోలమ్మ, చేపలేరడం ఆపకుండానే. ఆమె మొగుడు దానయ్య వలలో ఆమధ్య ఒక తాబేలు పడింది. ఆ ఊళ్ళో తాబేలు వలలో పడితే దాన్ని తాబేలనరు, స్వామి అంటారు. వల కోసేసి, వీపుకి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని నీళ్ళలో వదుల్తారు. అందుకని ప్రతి పడవలోనూ పసుపు పొట్లం ఉంటుంది. ఆ రోజు పసుపు రాస్తుంటే దానయ్య చేతికి బిళ్ళ తగిలింది.

"ఏ పాపిష్టోడో సామి ఈపుకి మేకు కొట్టీసినాడనుకున్నాడమ్మా మావోడు. కొబ్బరినూని రాసి, నొప్పి తగలకుండా ఊడదీసి, అక్కడ మరికాస్త పసుపద్ది ఒగ్గీసినాడు. సామి ఈపు మీదున్నది పారీకూడదు కద. పసుపు గుడ్డలో కట్టి దండకేసుకున్నాడు."

మందాకిని తల పట్టుకుంది. "ఆ బిళ్ళ నాకు కావాలమ్మా."

పోలమ్మ చేతులు ఆగిపోయాయి.

"అది మాత్రం అడక్కు తల్లీ. ఆ బిళ్ళ కట్టిన కాడ్నించి పెద్ద బోట్లోలు మా దగ్గిరికి రాలేకపోతన్నారు. మునుపు ఒడ్డుదాకా ఒచ్చీసి, మా వలలు తెంపుకుపోయీవోలు. పోయినేడు పొగమంచులో మా తమ్ముడి తెప్పని గుద్దీసి ఎలిపోనారు. తెప్ప దొరికినాది. ఆడు దొరకలేదు." చేతిలోని చేప పక్కన పెట్టింది. "ఇప్పుడు మావోడి పడవ కనపడితే చాలు, ఆల ఇంజిన్లు గురకెట్టి ఆగిపోతన్నాయి. ఊళ్ళో పడవలన్నీ కోడిపిల్లల్లాగ మావోడి ఎనకాలే ఎల్తన్నాయి. సామి మహిమ."

మందాకిని, శివాజీ మొహాలు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ చుక్క ఒడ్డున ఆగితే గుడ్ల కోసమనే అనుకున్నారు. తాబేలు లేనిచోట ఇంజన్లు ఆగిపోతున్నాయని ట్రాలర్లవాళ్ళు అన్నది నిజమే. ఆపుతున్నవాడు దానయ్య!

*

ఎండ ముదరకముందే పడవలు ఒడ్డెక్కాయి. దానయ్య సన్నగా, పొడుగ్గా, ఉప్పు పట్టిన మీసాలతో ఉన్నాడు. మందాకిని చెప్పినదంతా చేతులు కట్టుకుని విన్నాడు. చివరికి అతను అడిగింది ఒక్కటే.

"అంటే మేడమ్ గారూ, ఆయమ్మ ఒంటి మీదున్న కవచం నాను ఒలిచీసినానా?"

"తెలియక చేశారు దానయ్యగారూ."

"ఇప్పుడు ఆయమ్మకి కాపలా లేదా?"

సుభద్ర ఎక్కడుందో ఇప్పుడు ఏ శాటిలైట్‌కీ తెలియదు. ఈ సీజన్‌లో ఇంకోసారి గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే రావాలి. ఈలోగా ఏ ట్రాలర్ వలకి చిక్కినా దిక్కులేదు.

దానయ్య గబగబా దండ దగ్గర ముడి విప్పడం మొదలుపెట్టాడు. పోలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు మావా! తాబేలికి ఈపు మీద పెంకుంది. నీకేటుంది?"

"తప్పే, సామి సొమ్ము."

"సామికి నువ్వు తిరిగొస్తే సాలు. ఏటమ్మా" అని మందాకిని వైపు తిరిగింది, "మా తమ్ముడు పోయిన్నాడు పైనున్న మీ శాటిలైటు ఎటు సూస్తంది? తాబేలు యాడ ఊపిరి పీల్సిందో మీకు తెలుస్తాది. మా తమ్ముడు ఆకరి ఊపిరి యాడ పీల్సినాడో సెప్పగలవేటి?"

అలలు వచ్చి పోతున్నాయి.

దానయ్య మెల్లగా ఆమె చేతిని విడిపించుకున్నాడు. ముడి విప్పి, బిళ్ళ కళ్ళకద్దుకుని, మందాకిని చేతిలో పెట్టాడు. "ఆయమ్మకే పెట్టండి. ఒడ్డుకొస్తే నానే కబురెడతాను."

మందాకిని జీపెక్కి వెనక్కి బయల్దేరింది. గుప్పిట్లో బిళ్ళ ఇంకా పసుపు వాసన వేస్తోంది. ఒక బిళ్ళ పాడైంది, మార్చేశాం అని విచారణలో ఒక్క మాట అంటే చాలు, తాబేళ్ళ కవచం నిలబడుతుంది. దానయ్య పేరే ఎత్తనక్కర్లేదు. శివాజీ అదే మాట అన్నాడు కూడా.

"ఆ మాట పోలమ్మ ఎదట నిలబడి అనగలవా?" అని అడిగింది మందాకిని. శివాజీ గేరు మార్చాడు.

*

విచారణకు కూర్చున్నది శర్వాణి అనే రిటైర్డ్ జడ్జి. హాలు కిక్కిరిసి ఉంది. చివరి బెంచీ మీద దానయ్య, పోలమ్మ ఒదిగి కూర్చున్నారు.

ట్రాలర్ల సంఘం వకీలు పటం చూపించి, "అమ్మా, ఈ తాబేలు ఆటో ఎక్కింది. సంతకెళ్ళింది. పెళ్ళిలో డాన్సు చేసింది. కట్నం చదివించిందో లేదో మాత్రం బిళ్ళ చెప్పడం లేదు" అన్నాడు. హాలంతా గొల్లుమంది.

మందాకిని లేచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "బిళ్ళలో తప్పు లేదండీ. అది తాబేలు మీద ఎంత నిజం చెప్పిందో మనిషి మీదా అంతే నిజం చెప్పింది. ఈ దానయ్యగారు ఎక్కడుంటే అక్కడే చూపించింది."

వకీలు సంబరపడిపోయాడు. "విన్నారా! అంటే ఇన్నాళ్ళూ మా ట్రాలర్లు ఒక మనిషిని చూసి ఆగిపోయాయి! ఎన్నిసార్లో చూడండి!" అని పటం మీద ఎర్ర గుర్తులన్నీ వెలిగించాడు.

శర్వాణిగారు కళ్ళజోడు సవరించుకుని ఆ గుర్తులను తీరిగ్గా చూశారు. "ఇవన్నీ ఒడ్డుకి ఇంత దగ్గరగా ఉన్నాయేమిటండీ? ఇక్కడికి ట్రాలర్లు రాకూడదు కదా. మీవి ఎందుకు వచ్చినట్టు?"

వకీలు నోరు తెరిచాడు. మూశాడు. పటం ఆర్పేశాడు.

"ఆలస్యమైంది బాబూ, చూసేశాను" అన్నారావిడ. తర్వాత చట్టం కాగితం తీసి చదివారు. "కవచం ఎవరికంటే, 'గాలి పీల్చి బతుకుతూ, సముద్రం మీద ఆధారపడి, దాని ఒడ్డున సంతానం పొందే జీవులకు'. వెనక కూర్చున్నావిడ చెయ్యెత్తుతున్నారు. చెప్పమ్మా."

పోలమ్మ కొంగు నడుముకి దోపుకుని నిలబడింది. "ఏటీ లేదు అమ్మగోరూ... మీరు సదివినదంతా మావోడి గురించే కద?"

శర్వాణిగారు కాగితాన్ని ఇంకోసారి, పెదాలు కదుపుతూ చదువుకున్నారు.

"మనిషికి వర్తించదని ఎక్కడా రాయలేదే" అన్నారు చివరికి.

*

మాఘమాసం వచ్చేసరికి దిబ్బలపాలెంలో పడవెక్కే ప్రతి దండకీ పసుపు గుడ్డ, అందులో బిళ్ళ. పోలమ్మే దగ్గరుండి ముళ్ళు వేసింది. ఒడ్డుపక్కకి ట్రాలర్లు రావడం మానేశాయి. పరిశోధనశాలలో శివాజీకి ఒక పని పెరిగింది: ఎవరైనా పొద్దెక్కినా ఒడ్డు చేరకపోతే ఫోన్ చెయ్యడం.

ఒక్కటే తంటా. కంప్యూటర్‌కి తాబేలు తప్ప వేరే జీవి తెలియదు. దాని లెక్కలో ఇవన్నీ తాబేళ్ళే. కొన్నాళ్ళకు జపాన్ నుంచి ఒక పెద్ద శాస్త్రవేత్త ఆశ్చర్యం పట్టలేక మందాకినికి ఫోన్ చేశాడు.

"మీ తీరంలో కొత్త జాతి కనిపిస్తోంది డాక్టర్! తెల్లవారకముందే గుంపుగా సముద్రంలోకి వెళ్తాయి. ఎండెక్కేలోగా ఒడ్డెక్కేస్తాయి. తర్వాత అన్నీ ఒకేచోట చేరి గంటసేపు కదలవు. అక్కడ ఏముంది?"

"టీ కొట్టు" అంది మందాకిని.

"మాఘ పౌర్ణమినాడు ఒక్కటీ వేటకి వెళ్ళలేదు! చంద్రుడి ప్రభావమా?"

"కాదండీ, భక్తి" అంది మందాకిని. అటుపక్క చాలాసేపు మాట లేదు. రాసుకుంటున్నాడు కాబోలు.

ఆ పౌర్ణమి వెళ్ళాక ఒకరోజు తెల్లారగట్ల దానయ్య దగ్గర్నించి కబురొచ్చింది. మందాకిని వచ్చేసరికి తూరుపు ఎర్రబడుతోంది. ఇసకలో గుంట పూడ్చుకుంటూ, ఆయాసపడుతూ ఒక తాబేలు. వీపు మీద గోరంత తెల్లటి మచ్చ. బిళ్ళ ఊడదీసిన చోటు. సుభద్రే!

"ఒచ్చింది కద మేడమ్ గారూ" అన్నాడు దానయ్య.

ఆ మచ్చ మీదే మందాకిని పాత బిళ్ళ అంటించింది. పోలమ్మ పసుపు పొట్లం విప్పింది. మందాకిని చూసీ చూడనట్టు ఊరుకుంది. "బిళ్ళ మీద మాత్రం రాయకమ్మా" అంది, అంతే.

సుభద్ర నీళ్ళవైపు కదిలింది. దానయ్య వంగి పక్కనే నడిచాడు. అల వచ్చి ఆమెను ఎత్తుకుంది. అతను మోకాలిలోతు నీళ్ళలో నిలబడిపోయాడు.

ఆ పొద్దున శాటిలైట్ పంపిన కబురుని విశాఖలో కంప్యూటర్ తన పద్ధతిలో తాను రాసుకుంది. శివాజీ దాన్ని అచ్చుతీసి గోడకి అంటించాడు. ఇప్పటికీ ఉంది, వెళ్తే చూపిస్తారు.

'రెండు తాబేళ్ళు పక్కపక్కనే ఒడ్డు దిగాయి. మొదటిది సముద్రంలోకి వెళ్ళింది. రెండోది నీటి అంచున ఆగి, అయిదడుగుల ఎత్తుకు లేచి, మొదటిది కనుమరుగయ్యేదాకా కదలకుండా ఉంది. కారణం తెలియదు.'